నిలబెట్టి పంపిన కిటికీ

అమెరికాలోని టొలీడోలో పాత చర్చిల రంగుటద్దాల కిటికీలు బాగుచేసే షాపులో, వాటిని పెట్టెల్లో సర్ది లారీకెక్కించడం వాండా పని. అద్దాన్ని ఆమె ఎన్నడూ పడుకోబెట్టదు, నిలబెట్టే పంపుతుంది. చుట్టూ నాలుగు వేళ్ల మందాన ఫోమ్ కూరి, ఆ పెట్టెను ఇంకో పెట్టెలో పెడుతుంది. సుత్తి దెబ్బకు అద్దం బీటలిస్తుందని మేకులు కొట్టదు, స్క్రూలే బిగిస్తుంది. లారీ వెళ్లిందంటే, సరుకు చేరిన కబురు వచ్చేదాకా ఆమెకు తిండి సయించదు.

మొన్న గురువారం నార్త్ డకోటా నుంచి, ఆమె కిటికీ పంపిన చర్చి బాగోగులు చూసే ముసలాయన టోర్‌వాల్డ్ ఫోన్ చేశాడు.

"పెట్టె మూల చితికిపోయిందమ్మా. డ్రైవరేమో సంతకం పెట్టమని తొందరపెడుతున్నాడు."

"అప్పుడే పెట్టకండి! మూల చితికిందని ఆ కాగితం మీద రాయండి. డ్రైవర్ని కాస్త ఆగమని, మూత విప్పి చూడండి."

"మా అమ్మ పెళ్లి ఈ కిటికీ కిందే జరిగింది," అంటూ ఆయన స్క్రూలు విప్పసాగాడు. వాండా ఊపిరి బిగబట్టింది. అటునుంచి మూత పక్కకు జరిపిన చప్పుడు వినిపించింది.

"ఏమైందయ్యా, చెప్పండి!"

"అద్దంలోని గొర్రెపిల్ల బొమ్మ బాగుంది. దేవదూతలిద్దరూ బాగున్నారు. ఒక్క గీత కూడా పడలేదు తల్లీ!"

వాండా పొద్దున్నుంచీ ముట్టని భోజనం డబ్బాను దగ్గరికి లాక్కుంది.

"ఇంకోసారి చెప్పండి," అంది కళ్లు తుడుచుకుంటూ. "నిదానంగా, ఒక్కొక్కరి గురించీ చెప్పండి."