నేను పాడని పాటలో నా గొంతు

ఆ గదిని తలచుకుంటే ముందుగా గుర్తొచ్చేది మైకు ముందు బిగించిన నల్లగుడ్డ తెర. పాడేవాళ్ళ గాలి మైకుకు సూటిగా తగలకుండా పెట్టే తెర అది. ఎందరి నోటి తుంపర్లు దాని మీద ఎండాయో గాని, దగ్గరికి వెళితే పులిసిన పెరుగు వాసన వచ్చేది. గోడలకు అతికించిన స్పాంజి పలకలకు ఏసీ చెమ్మ పట్టి బూజు పెరిగింది. ఆ గదిలోనే ఒక వేసవి సెలవుల్లో నేను ఆడియో ప్రొడక్షన్, సంగీత వ్యాపారం నేర్చుకున్నాను.

మాది చక్కెర మిల్లున్న ఉయ్యూరు. నాన్నకు చేనేత చీరల కొట్టు ఉంది. డిగ్రీ రెండో ఏడు పరీక్షలు అప్పుడే అయిపోయాయి. చిన్నప్పటి నుంచీ పాడతాను కాబట్టి, పాటను ఎలా రికార్డు చేస్తారో, అది జనం చెవిదాకా ఎలా వెళుతుందో చూడాలని కోరిక. విజయవాడ పటమటలో ఒక మేడ మీద విద్యార్థులకు వేసవి కోర్సు పెడుతున్నారని తెలిసి నాన్నను ఒప్పించాను. రోజూ పొద్దున్నే బస్సెక్కి కంకిపాడు మీదుగా వెళ్ళేదాన్ని. క్లాసులో నా పక్కన హనుమాన్ జంక్షన్ నుంచి వచ్చే ఒక అమ్మాయి కూర్చునేది. ఎవరి గొంతునైనా ఇట్టే అనుకరించి నవ్వించేది. రెండు రోజుల్లోనే స్నేహితులమైపోయాం.

కోర్సు నడిపే సార్ పెద్ద పెద్ద స్టూడియోల్లో పనిచేసి వచ్చానని చెప్పుకునేవాడు. ఎప్పుడూ ఏదో ఒకటి నములుతూనే ఉండేవాడు. బజ్జీ తిన్న చేత్తోనే హెడ్‌ఫోన్లు తీసి మా చేతికిచ్చేవాడు. వాటి జిడ్డు చెవులకంటేది. మొదటి రోజే నాది ఏ ఊరని అడిగాడు.

“ఉయ్యూరా? అయితే నీకు తేలిగ్గా అర్థమవుద్ది. గొంతంటే చెరుకమ్మా. మిల్లులో పెట్టి ఆడించుకోటమే. పిప్పితో మనకేం పని?”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

మొదట్లో చెప్పినవి నిజంగానే బాగున్నాయి. ఒక గొంతును కంప్యూటర్ తెర మీద గీతలుగా చూడటం, ఒక మాటకూ ఇంకో మాటకూ మధ్య ఊపిరి ఎక్కడుందో పోల్చుకోవటం, ఎంత ఊపిరి ఉంచాలో ఎంత తగ్గించాలో చెవితో తేల్చుకోవటం, అన్నీ ఇష్టంగా నేర్చుకున్నాను. ఇంటికొచ్చి అమ్మ మాట్లాడుతుంటే కూడా ఆమె ఊపిరే వినేదాన్ని.

తరవాత ప్రాక్టికల్స్ అన్నాడు. ప్రాక్టికల్స్ అంటే వార్డు నాయకుల పుట్టినరోజు పాటలు. ఒకటే బాణీ. పేరు తీసి పేరు పెట్టటమే. ఈయన సింహం, ఆయనా సింహమే. పాట నెట్‌లో పెట్టాక మేమందరం రకరకాల పేర్లతో దాని కింద “గూస్‌బంప్స్ అన్నా” అని రాయాలి. ప్రమోషన్ అంటే అదేనట. ఒకరోజు మమ్మల్ని ఒక్కొక్కరినే మైకు ముందు కూర్చోబెట్టి పొంతన లేని వాక్యాలు చదివించాడు. కోపంగా, నవ్వుతూ, వెటకారంగా, ఏడుస్తూ. గొంతు బొంగురు పోయేదాకా చదివించి మళ్ళీ పాడించాడు.

“ఇదంతా ఎందుకు సార్?” అని అడిగాను.

“మైకు అలవాటవ్వద్దా?” అన్నాడు నములుతూ.

కోర్సు అయిపోయింది. సర్టిఫికెట్లిచ్చి, ఫొటోలు తీసి పంపించేశారు.

వానలు పడి కాలవలకు నీళ్ళొదిలిన రోజుల్లో మా ఊళ్ళో వార్డు ఎన్నికలు వచ్చాయి. ఒక మధ్యాహ్నం నేను కొట్లో నాన్నకు సాయంగా ఉన్నాను. ఒకావిడ చీరలు చూస్తోంది. బయట రోడ్డు మీద ప్రచారం ఆటో వచ్చి ఆగింది. అందులోంచి నా గొంతు వినపడింది.

మా వార్డులో పోటీ చేస్తున్న ఒక టీచరుగారి మీద పాట అది. భర్త పోయాక ఇంట్లో ట్యూషన్లు చెప్పి పిల్లల్ని పెంచుకున్న మనిషి. నేను కూడా ఆమె దగ్గరే లెక్కలు నేర్చుకున్నాను. సాయంత్రాలు ఆమె గుమ్మం ముందు ఎవరి చెప్పులుంటాయో అడుగుతూ, ఇక్కడ రాయలేని మాటలతో నా గొంతు గారాలు పోతూ పాడుతోంది. మధ్యలో నా నవ్వు. వెటకారంగా నవ్వమంటే ఆ గదిలో నేను నవ్విన నవ్వే.

చీరలు చూస్తున్నావిడ తలెత్తి, “మీ అమ్మాయి గొంతు లాగుందేంటండీ?” అంది. నాన్న చేతిలో చీర మడత పెడుతూ నా వైపు చూశాడు. కొట్టు వెనక్కి పరుగెత్తి వాంతి చేసుకున్నాను. నోరెంత పుక్కిలించినా ఆ పాట నా నాలుక మీదే ఉన్నట్టు అనిపించింది.

ఆవిడ వెళ్ళాక నాన్న వచ్చి, “నువ్వు పాడావా అమ్మా?” అన్నాడు.

“లేదు నాన్నా.”

“నీ గొంతు నాకు తెలవదా?”

అప్పటికే ఆ పాట అందరి ఫోన్లలోకీ వచ్చింది. నాన్న ఫోన్లోనే పెట్టి, “ఇది ఎక్కడ ఊపిరి పీలుస్తుందో చెప్పు” అన్నాను. నాన్న ఫోను చెవికి ఆనించుకుని విన్నాడు. మళ్ళీ పెట్టించుకుని విన్నాడు. ఆయన ముఖం మెల్లగా మారింది.

“అసలు పీల్చట్లేదే!”

“అది నేను కాదు. కోర్సులో నా చేత చదివించిన మాటలు తీసుకుని మెషిన్ చేత నా గొంతుతో పాడించారు.”

మర్నాడు నాన్నా నేనూ విజయవాడ వెళ్ళాం. జంక్షన్ అమ్మాయికి ఫోన్ చేస్తే తనూ వచ్చింది. సార్ కాగితం పొట్లంలోంచి పునుగులు తింటున్నాడు. నన్ను చూసి కంగారు పడలేదు సరికదా, ముఖం వెలిగిపోయింది.

“విన్నావా? ఇరగదీసింది గదా!”

“నా గొంతు తీసుకోమని మీకెవరు చెప్పారు?” అన్నాను.

“నువ్వు పాడావా?”

“లేదు.”

“పాడలేదని నువ్వే అంటన్నావు. మరింక నీ గొంతెట్టా అవుద్ది? మెషిన్ది.”

చట్నీ అంటిన వేలితో మౌస్ నొక్కి ఇంకో పాట పెట్టాడు. అవతలి పార్టీ కోసం చేసిందట. అదే బాణీ, అంతే మురికి. ఈసారి గొంతు జంక్షన్ అమ్మాయిది. నేను తన చెయ్యి పట్టుకున్నాను.

కొట్లో చిన్నపిల్లల్ని కూడా అండీ అని పిలిచే నాన్న, గొంతు పెంచకుండానే అన్నాడు: “ఆ చేతులు కడుక్కోండి. మిమ్మల్ని చూస్తుంటే అసయ్యంగా ఉందండీ.”

సార్ నవ్వి, “పనిస్తానండీ మీ అమ్మాయికి. ఇట్టాంటి గొంతు ఊరికే దొరకదు” అన్నాడు.

మేం మెట్లు దిగాం. జంక్షన్ అమ్మాయి దిగలేదు. వెనక్కి తిరిగి చూస్తే తలుపు దగ్గరే నిలబడి ఉంది.

“ఎట్టాగూ తీసేసుకున్నాడు గదే. పనన్నా వస్తే పోయేదేముంది?” అంది.

నాకు ఆ సార్ మీద కంటే ఆ మాట మీద ఎక్కువ రోత పుట్టింది. అలా రోత పడినందుకు బస్సులో ఏడుపొచ్చింది. తను మంచి పిల్ల.

సాయంత్రం టీచరుగారింటికి వెళ్ళాను. నేను చెప్పిందంతా కళ్ళజోడు తుడుచుకుంటూ విన్నారు.

“నువ్వు పాడలేదని నేను నమ్ముతానమ్మా. విన్నోళ్ళందరికీ ఎట్టా చెప్తావు?”

“ఎక్కడ చెప్పమంటే అక్కడ చెప్తానండీ.”

పోలీసుస్టేషన్‌కు కలిసి వెళ్ళి ఫిర్యాదిచ్చాం. ఆ పాట ఆటోల్లో ఆగింది, ఫోన్లలో ఆగలేదు. ఆ మర్నాడు సెంటర్లో ఆమె మీటింగు. నన్ను పిలిచి మైకిచ్చారు. ఆ పాట నేను పాడలేదనీ, నా గొంతును నాకు తెలియకుండా వాడుకున్నారనీ, టీచరుగారి గురించి అందులో ఉన్నదంతా అబద్ధమనీ చెప్పాను. ముందు నిలబడ్డ ఆడవాళ్ళు తలలూపారు.

అంతలో వెనక నుంచి ఎవడో అరిచాడు. “అయితే ఓ రెండు లైన్లు ఆ పాట పాడమ్మా, తేడా తెలుసుకుంటాం!”

నవ్వులు. ఫోన్లు పైకి లేచాయి. నవ్వినవాళ్ళలో మా కొట్లో చీరలు కొన్నవాళ్ళూ ఉన్నారు.

ఆ ఎన్నికల్లో టీచరుగారు ఓడిపోయారు. పాట లేకపోయినా ఓడిపోయేదాన్నే అంటారామె. ఆ మాట నా కోసమే అంటున్నారని నాకు తెలుసు. ఈ వేసవిలో ఆ మేడకు కొత్త పేరుతో మళ్ళీ కోర్సు బోర్డు కట్టారు, సీట్లు కొన్నే ఉన్నాయట.

మీటింగు జరిగిన ఆ సాయంత్రం మాత్రం నేను మైకు పక్కన పెట్టి దిగిపోయాను. కింద నాన్న నిలబడి ఉన్నాడు. ఫోన్లు పట్టుకున్న చేతుల మధ్యలోంచి, ఎవరికీ తగలకుండా తప్పుకుంటూ, ఇద్దరం ఇంటికి నడిచాం.