నరహరి రాసిచ్చిన కారణం

నల్గొండలో పానగల్ రోడ్డు మీద నాకొక జిరాక్స్, ఆన్‌లైన్ దుకాణం ఉంది. దానికి ఆనుకొనే చేనేత కార్మికుల సంఘం ఆఫీసు. ఆ ఆఫీసు వెనక గదిలో ఒక సర్వర్, దానికి కాపలాగా నరహరి. పదకొండేళ్ళలో ఇద్దరూ కలిసే ముసలివాళ్ళయ్యారు. గదిలో ఉన్న ఒక్క ఫ్యానూ సర్వర్ వైపే తిరిగి ఉండేది. చెమట మాత్రం నరహరికి పట్టేది.

అతను మగ్గం ఇంట్లో పుట్టినవాడు. తండ్రి రాజం పోయాక మగ్గం తల్లి ఉప్పలమ్మ చేతికి వచ్చింది, ఇతను కంప్యూటర్ నేర్చుకొని ఆఫీసుకు వచ్చాడు. కాంట్రాక్టు కొలువు. మార్చిలో హైదరాబాద్ నుంచి కాగితం వస్తేనే ఏప్రిల్‌లో కుర్చీ ఉంటుంది. అంతా సవ్యంగా నడిచిన రోజున ఆ గదిలో మనిషి ఉన్నాడన్న సంగతే ఎవరికీ గుర్తుండదు. ఆగిన రోజున మాత్రం అటెండరు నుంచి అధ్యక్షుడి దాకా అందరికీ అతని పేరే నోట్లో ఉంటుంది. ఇట్లాంటి కొలువు పగవాడికి కూడా వద్దని నేను అంటుండేవాణ్ణి.

"వద్దంటే ఎట్ల బెంజమినూ? నలభై రెండేండ్లొచ్చినయి. ఇప్పుడు నన్నెవడు పిలుస్తడు?" అనేవాడు. కూచున్న చోటే అలసిపోయే మనిషిని నేను అతన్నొక్కణ్ణే చూశాను.

నేను చెప్పేది ఆ పదకొండో ఏడు జరిగిన ఒక్క రోజు సంగతి. నేతగాళ్ళకు దవాఖాన కార్డులు ఇస్తామని హైదరాబాద్ హెడ్డాఫీసు వాళ్ళు చెప్పారు. కార్డుంటే ఆపరేషన్‌కు కూడా పైసా కట్టనక్కర్లేదు. ఉప్పలమ్మకు కంట్లో పొర వచ్చి అప్పటికి ఏడాదైంది. పోగు తెగితే వేళ్ళతో తడిమి అతికేది. పేర్లు ఎక్కించుకోవడానికి ఇక్కడి సర్వర్‌లో ముప్పయ్యో తారీఖు దాకా గడువు. మరునాడు సాయంత్రం ఐదులోపు జిల్లా జాబితా మొత్తం ఒక్కసారిగా హైదరాబాద్ సర్వర్‌కు చేరాలి. చేరకపోతే ఆరు వందల మంది మళ్ళీ ఏడాది ఆగాలి.

ఒకటో తారీఖు పొద్దున పదింటికి నరహరి జాబితా పంపబోయాడు. అవతలి సర్టిఫికెట్‌ను నమ్మలేనని చెప్పి మన సర్వర్ ఆగిపోయింది. నాకు నరహరి చెప్పిన ముచ్చట ఏమంటే, రెండు కంప్యూటర్లు గుట్టుగా మాట్లాడుకునే ముందు గుర్తింపు కార్డు చూపించుకుంటాయట. దానిమీద పేరు, ఇచ్చినవాళ్ళ సంతకం, ఎప్పట్నుంచి ఎప్పటిదాకా చెల్లుతుందన్న తారీఖులు ఉంటాయి. అదే సర్టిఫికెట్. అందులో ఏ ఒక్కటి తేడా వచ్చినా మాటల్లేవు. తేడా ఎక్కడుందో ఆఫీసులోని ఆ పాత ప్రోగ్రాం చెప్పదు. అలిగిన కొత్త అల్లుడిలాగ మూతి ముడుచుకొని కూచుంటుంది, కారణం మనమే వెతుక్కోవాలి.

పదకొండింటికి నా ల్యాప్‌టాప్ పట్టుకొని రమ్మన్నాడు. ఆఫీసు ఇంటర్నెట్ మీదే దాంట్లోంచి హెడ్డాఫీసు సైటు తెరిస్తే చక్కగా తెరుచుకుంది. అంటే లైన్లో లోపం లేదు. హెడ్డాఫీసు వాళ్ళు రాత్రే కొత్త సర్టిఫికెట్ పెట్టారని తేలింది. దాన్ని విప్పి చూశాడు. పేరు సరిగ్గానే ఉంది. సంతకం చేసిన సంస్థ మన సర్వర్ నమ్మే జాబితాలోనే ఉంది. మధ్యలో ఉండాల్సిన రెండో సర్టిఫికెట్ కూడా ఉంది. ఈ రోజు నుంచి మూడు నెలలు చెల్లుతుంది. మళ్ళీ మొదట్నుంచి చూశాడు. సర్వర్‌ను ఆపి మొదలుపెట్టాడు. ఒంటిగంటకు తెచ్చిపెట్టిన చాయ్ రెండింటికి కూడా అట్లనే ఉంది.

హైదరాబాద్ నుంచి సురేశ్ అనే ఇంజనీరు అరగంటకోసారి ఫోన్ చేస్తున్నాడు. తప్పంతా మీ దగ్గరే ఉంది, మిగతా జిల్లాలన్నీ పంపాయి అంటాడు. అతను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. ఈసారి మాత్రం నిజంగా మూడే ఉన్నాయి పాపం, ఆ సంగతి మాకింకా తెలియదు.

రెండుంబావుకు నరహరి కళ్ళు నులుముకుంటూ తెర మూలకు చూశాడు.

"ఇయ్యాల తారీఖెంత?" అన్నాడు.

"ఒకటి."

"సర్వర్ల ముప్పై ఉంది."

కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఇదే. సర్వర్ లెక్కలో ఇవాళ నిన్నటి రోజు. రేపట్నుంచి చెల్లే కార్డు పట్టుకొని ఎవడో వచ్చాడని అది తలుపు వేసేసింది. దాని తప్పేం లేదు. గడియారం తనంతట తాను సరిచేసుకునే ఏర్పాటు కూడా ఎవరో చేత్తో ఆపేసి ఉంచారు.

నరహరి కాక ఆ గది తాళంచెవి ఇంకొక్కరి దగ్గరే ఉంటుంది. ఆఫీసు గుమాస్తా సావిత్రమ్మ. ముందు గదిలో ఆమె టేబుల్ దగ్గర ఇరవై మంది దాకా నిలబడి ఉన్నారు. పొద్దున్నుంచి ఆ వరుసలోంచే మేము అటూ ఇటూ నాలుగుసార్లు తిరిగాం, ఎందుకొచ్చారని ఒక్కసారి కూడా అడగలేదు. నరహరి ఆమెను లోపలి గదిలోకి పిలిచి తలుపు దగ్గరికేశాడు.

"అక్కా, సర్వర్ల తారీఖు నువ్వు మార్చినవా?" నరహరి గొంతులో అంత కోపం నేను అప్పుడే విన్నాను. "నాలుగు గంటల సంది నా పానం పోతాంది. ఆరు వందల మంది కార్డులు ఆగిపోతయి, ఎరుకేనా నీకు?"

ఆమె బెదరలేదు. చేతిలో కాగితం కింద పెట్టింది. బయటికి వినబడకుండా మెల్లగా అంది.

"మార్చిన. తారీఖు ఎనుకకు జరిపితేనే పేర్లు ఎక్కుతున్నయి. నువ్వు జాబితా నాలుగు దాటినంక పంపుతవనుకున్న. మరి నేనొకటి అడుగుత, చెప్పు. ముప్పై దాకా గడువని పెట్టిందెవరు?"

"నేనే పెట్టిన. నెలాఖరు గద."

"నిన్న అమాస."

నరహరి వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాడు.

మాకు ఆదివారం ఎట్లనో మగ్గం ఇళ్ళకు అమావాస్య అట్ల. ఆ రోజు పోగు నేసే నాడె ముట్టరు, కొత్త కాగితం మీద వేలు పెట్టరు. అమావాస్యలోపు గుడ్డ మగ్గం మీంచి దించాలని ముందు నాలుగు రోజులు తల ఎత్తకుండా నేస్తారు. ఆఫీసు పనులన్నీ అమావాస్య తెల్లారి పెట్టుకుంటారు. గడువు ముప్పై అని ఊళ్ళల్లో చాటింపు అయింది. అమావాస్య నాడు గడువెవరు పెడతారులే, తెల్లారి పోయినా తీసుకుంటారని వాళ్ళ నమ్మకం.

"బయటోడు పెడితే తెల్వక పెట్టిండనుకుందును," అంది సావిత్రమ్మ. "రాజం మామ కొడుకువు. మీ ఇంట్ల అమాసకు మగ్గం నడిచిందా ఎన్నడన్న? మీ అమ్మ గూడ వరుసల ఉంది, చూసినవా?"

చూడలేదు. తలుపు సందులోంచి అప్పుడు చూశాడు. ఉప్పలమ్మ గోడకు ఆనుకొని, కొంగుతో కన్ను ఒత్తుకుంటూ నిలబడి ఉంది. పొద్దున ఒకే ఇంట్లో ఇద్దరూ గటక తిని బయల్దేరారు. కొడుకు పని తొందరలో ఉన్నాడు, విసుక్కుంటాడని ఆమె చెప్పలేదట.

అప్పుడు నరహరి కుర్చీలో కూలబడ్డాడు. అతని మొహంలో కోపం పోయి సిగ్గు కనబడింది. నాకైతే జాలేసింది, లోపల ఎక్కడో నవ్వు కూడా వచ్చింది. అన్ని సర్టిఫికెట్ల తారీఖులూ చదివినవాడు ఇంటి క్యాలెండర్ చూడలేదు.

గడియారం సరిచేస్తే జాబితా ఆ నిమిషమే పోతుంది. కానీ పేర్ల గడువు కూడా ఆ నిమిషమే మూసుకుంటుంది. ఒకసారి పెట్టిన గడువు జరపాలంటే హైదరాబాద్ అనుమతి కావాలి. బయట ఇంకా పంతొమ్మిది మంది పని కావాలి. ఒక్కొక్కరికి ఫోన్‌కు నంబరు రావాలి, అది చెప్పాలి, ఎక్కించాలి.

"ఎన్నింటికైతది అక్కా?"

"నువ్వు కూడ ఒక పక్క కూసుంటే నాలుగున్నరకు."

కూచున్నాడు. నా ల్యాప్‌టాప్ మీద నన్ను కూడా కూచోబెట్టాడు. సురేశ్ ఫోన్ చేసినప్పుడల్లా "చూస్తున్న సార్, ఇంకా దొరకలే" అన్నాడు. అబద్ధం చెప్పిన ప్రతిసారీ నీళ్ళు తాగాడు. ఉప్పలమ్మ వంతు చివర్లో వచ్చింది. ఆమె నా దగ్గరికి వచ్చి కూచుంది, పేరూ నంబరూ చెప్పింది, కొడుకు వైపు చూసి లేచి వెళ్ళిపోయింది.

నాలుగూ ముప్పై ఎనిమిదికి నరహరి తారీఖు ఒకటి చేశాడు. జాబితా రెప్పపాటులో పోయింది.

తెల్లారి హెడ్డాఫీసు నుంచి మెయిల్ వచ్చింది. ఏడు గంటలు ఎందుకు ఆగిందో కారణం రాసి పంపమని. నిజం రాస్తే ఒకటో తారీఖున ఎక్కిన పేర్లన్నీ కొట్టేస్తారు. సావిత్రమ్మ ఉద్యోగం కూడా పోతుంది. రూటర్ పాడైందని రాయమన్నాను. అది వాళ్ళకు అక్కడ్నుంచే కనిపిస్తుంది అన్నాడు. చాలాసేపు కూచొని రెండు వాక్యాలు కొట్టాడు. "హెడ్డాఫీసు కొత్త సర్టిఫికెట్ పెడుతున్న సంగతి తెలిసీ మా సర్వర్‌లో చేయవలసిన మార్పు చేయలేదు. నిర్లక్ష్యం పూర్తిగా నాది."

"కొలువు పోతది నర్హరీ," అన్నాను.

"పోతది. అలసట కూడ పోతదేమో, చూద్దాం."

మార్చిలో కాగితం రాలేదు. అలసట మాత్రం పోలేదు. ఇప్పుడు కేతేపల్లి దిక్కు సీసీ కెమెరాలు బిగించే పనికి పోతున్నాడు, నిచ్చెన భుజానేసుకొని.

మొన్న వాళ్ళింటికి పోయాను. ఉప్పలమ్మకు ఆపరేషన్ అయింది. కళ్ళద్దాలు పెట్టుకొని మగ్గం మీద కూచుంది. నాకు చాయ్ పోయించి, నాడె ఆపకుండానే కొడుకు మీద ఎత్తుకుంది.

"ఆనాడు మమ్ములందరిని పొద్దంత నిలవెట్టిండు బెంజమినూ. ఈని నిర్లక్ష్యంతోనే మిషిని ఆగిందట. తనే రాసిచ్చిండట గూడ. ఊరంత అనుకుంటాండ్రు, నాకు తలకాయ తీసేసినట్టయింది. సావిత్రి ఉండవట్టి కార్డొచ్చింది. లేకుంటే ఈన్ని నమ్ముకుంటే నా కన్నేమయ్యేది?"

నేను నోరు తెరవబోయాను. నరహరి నా మోకాలి మీద చెయ్యి వేసి నొక్కాడు. ఆ మాట ఒక ఇల్లు దాటితే ఎన్ని కార్డులు పోతాయో నాకూ తెలుసు.

"ఏం రా, మాట్లాడవు?" అంది ఆమె. "తప్పు నీదా, కాదా?"

"నాదే అమ్మా," అన్నాడు నరహరి.