ముఖం తిప్పుకునే షావుకారు

పొద్దున్న పది గంటల పది నిమిషాలకు మా షావుకారు గారు కాఫీ తాగి, కండువా సర్దుకుని రిజిస్ట్రారు ఆఫీసుకు బయలుదేరారు. రైసు మిల్లులు, చేపల చెరువులు, రాజమండ్రిలో ఇళ్ళు, అన్నీ కంటి ఆసుపత్రి ట్రస్టుకు రాసేయడానికి. మిల్లు గుమస్తాని కనక కాగితాలు నేను పట్టుకున్నాను.

ఎవరికేమిచ్చినా ఆయన ముఖం పక్కకు తిప్పుకునేవారు, పుచ్చుకునేవాళ్ళు చిన్నబోకూడదని.

ఇంటి గేటు దగ్గర, మిల్లు కళ్ళంలో ధాన్యం ఆరబోసే ఆడవాళ్ళు కారుకు అడ్డం వచ్చారు. మిల్లు తీసేసి అక్కడే ఆసుపత్రి కడతారని వాళ్ళకు తెలిసిపోయింది.

"ఊరందరికీ కళ్ళిస్తన్నారంట. మా కడుపుల మాటేంటండి అయ్యగారూ?" అంది వాళ్ళలో పెద్దామె.

"ట్రస్టు వాళ్ళతో చెప్తానమ్మా."

"ఆళ్ళెవరండి? మాకు తెలిసింది మీరేనండి."

ఆయన ముఖం పక్కకు తిప్పుకున్నారు. ఈసారి చేతిలో ఇవ్వడానికేమీ లేదు.

కారు కదిలాక, "తప్పంటావా?" అని నన్నడిగారు. నేను కాగితాలు సర్ది ఒళ్ళో పెట్టుకున్నాను.

మిల్లు తీసేసి కట్టిన ఆసుపత్రి మంచిదే. మా అమ్మకు చూపు వచ్చింది అక్కడే. ఆయన పోయి నాలుగేళ్ళయింది. ఆ ఆడవాళ్ళలో ఒక్కరికీ అక్కడ పని దొరకలేదు. కళ్ళంలో డాక్టర్ల కార్లు నిలుపుతున్నారు. మా ఊళ్ళో ఇప్పుడు ధాన్యం ఆరబోయరు.