పట్టా కప్పిన డిష్

ఆ రోజు నేను చేసిన తప్పు చెప్పడానికి ఎంతో లేదు. చినుకులు పడుతుంటే మేడ మీది ఇంటర్నెట్ డిష్‌కు మిరపకాయల మీద కప్పే టార్పాలిన్ పట్టా కప్పి, తాడు బిగించి కట్టాను. కట్టి మరిచిపోయాను. మధ్యాహ్నం ఒకామె మా ఇంటి మెట్ల మీద కూర్చుని లైను ఎందుకు రావడం లేదని అడిగితే, పైకి వెళ్లి చూడకుండానే, "పైనుంచే లేదమ్మా. కాసేపట్లో వచ్చిద్ది, కూర్చో" అన్నాను. ఆమె నా మాట నమ్మి కూర్చుంది.

మా ఊరు దర్శికి లోపలగా నల్లరేగడి పల్లంలో ఉంటుంది. ఊళ్లోకి టవర్ సిగ్నల్ రాదు. ఫోన్ మాట్లాడాలంటే దర్శి రోడ్డు మీది కల్వర్టు దాకా నడవాలి. అక్కడ గోడ మీద నిలబడితే మాట వినపడుతుంది, బొమ్మ మాత్రం కనపడదు. నిరుడు మా రైతు సంఘం వాళ్లు ఉపగ్రహం నుంచి నేరుగా ఇంటర్నెట్ అందుకునే డిష్ ఒకటి తెప్పించారు. గుంటూరు యార్డులో ధరలు, వాన కబుర్లు చూసుకోవడానికని. చుట్టూ చెట్టు అడ్డం లేని మేడ మాది కాబట్టి దాన్ని మా మేడ మీద బిగించారు. పాస్‌వర్డ్ ఊరందరికీ తెలుసు. సాయంత్రమైతే మా మెట్లు ఖాళీగా ఉండవు. "మన మెట్లు బస్టాండయినయ్" అని నా భార్య నవ్వేది. నాకు మాత్రం అందులో కొంచెం గొప్పగా ఉండేది. లైను గురించి ఏ సందేహం వచ్చినా నన్నే అడిగేవాళ్లు. తెలియనిది కూడా తెలిసినట్టే చెప్పేవాణ్ణి.

ఆ రోజు మెట్ల మీద కూర్చున్నది మా మేస్త్రి భార్య. కోతలకు కూలీలను కూడగట్టి తెచ్చేది మేస్త్రే. ఊరి చివర చర్చి పక్కన వాళ్ల ఇల్లు. నేను వ్యవసాయంలోకి దిగినప్పటి నుంచీ మా చేలో మిరప కోతలు, పత్తి తీతలు అతని చేతి మీదుగానే జరిగాయి. గొంతు పెద్దది. తెల్లారగట్ల చర్చి దగ్గర నిలబడి కూలీలను కేకేస్తే ఊరి ఈ చివర మాకు మెలకువ వచ్చేది. ఆదివారం ఆరాధనలో పాట ఎత్తుకునేదీ అతనే. చుట్ట మానెయ్యమంటే నవ్వి ఊరుకునేవాడు. పోయిన వానాకాలం నుంచి గొంతు బొంగురుపోయింది. గుంటూరు ఆసుపత్రిలో చూసి క్యాన్సర్ అన్నారు. స్వరపేటిక తీసెయ్యాలి, మనిషికి ఫరవాలేదు, మాట మాత్రం ఇక రాదు అన్నారు.

ఆసుపత్రిలో తోడు ఒక్కరినే ఉండనిస్తారు కాబట్టి కొడుకు ఉన్నాడు. ఆమె ఇక్కడే ఉండి కోతలకు వస్తూ ఉంది. రోజూ మధ్యాహ్నం అన్నాల వేళకు కొడుకు వీడియోలో తండ్రిని చూపించేవాడు. ఆమె మా మెట్ల మీద కూర్చుని మాట్లాడి మళ్లీ చేలోకి పోయేది. ఆపరేషన్ రోజున థియేటర్‌లోకి తీసుకుపోయే ముందు ఫోన్ చేస్తానని, నాన్న నీతో మాట్లాడాలంటున్నాడని ముందురోజే చెప్పాడు. ఆమె ఆ రోజు కోతకు రాలేదు. ఉతికిన చీర కట్టుకుని, తల దువ్వుకుని వచ్చింది. ఆ గొంతు వినడం అదే ఆఖరని ఆమెకు తెలుసు. నాకూ తెలుసు.

మా వైపు మబ్బు కనిపిస్తే ముందు చేతులు కదులుతాయి, తర్వాత బుర్ర. కల్లంలో ఎండుతున్న కాయ తడిస్తే రంగు పోయి తాలుకాయ కింద జమ. ఆ పొద్దున కల్లం మీద పట్టాలు కప్పించి, ఇంట్లోకని మేడ మీద ఆరబోసిన కాయలు కప్పడానికి పైకి ఎక్కాను. ఒక పట్టా మిగిలింది. పక్కన డిష్ తడుస్తూ కనిపించింది. అది ఏడాది పొడుగునా వానలోనే ఉందన్న ఆలోచన రాలేదు. విలువైనది తడుస్తోంది, కప్పాలి, అంతే. గాలికి లేవకుండా కుప్పకు కట్టినట్టే తాడు లాగి కట్టాను.

మధ్యాహ్నానికి చినుకులు ఆగాయి. నేను కోల్డ్ స్టోరేజీకి వెళ్లే లారీ దగ్గర ఉన్నాను. కాయలు తొక్కి నింపిన బస్తాలు, టిక్కీలు ఎక్కిస్తున్నారు. ఆమె రెండోసారి లేచి వచ్చింది.

"నేను కల్వర్టు కాడికి పోనా అయ్యా?"

"నువ్వటు పోయినాక ఇక్కడ లైనొస్తే? అక్కడ బొమ్మ కనపడదు గదా. వాన పడితే ఇట్టాగే ఉంటదిలే, కూర్చో."

మళ్లీ వెళ్లి కూర్చుంది. ఫోన్‌ను అరచేతిలో పెట్టుకుని ఎండకు చూపుతున్నట్టు పైకెత్తి పట్టుకుంది. నేను లారీ వైపు తిరిగాను.

రోడ్డు మీద నుంచి బండి మీద వచ్చిన ఒకతను, నీ కొడుకు నాకు ఫోన్ చేశాడు, నీకు కలవడం లేదంట, అని చెప్పాక ఆమె కల్వర్టుకు పరుగెత్తింది. కొడుకు ఫోన్ ఎత్తాడు. అప్పటికే తండ్రిని లోపలికి తీసుకుపోయారు. లైను కలిసిందా, లైను కలిసిందా అని స్ట్రెచర్ మీద కూడా అడిగాడట. పిల్లవాడు డయల్ చేస్తూనే ఉన్నాడు. కనీసం ఆ మాటలు ఫోన్‌లో రికార్డు చేద్దామని అతనికి తట్టలేదు. నాకైనా తట్టేది కాదు.

ఆమె అటు వెళ్లిన కాసేపటికి నా భార్య కాయలు తిరగెయ్యడానికి మేడ ఎక్కింది. పైనుంచే అడిగింది.

"ఏమయ్యా, దీనికీ కప్పావా పట్టా? ఇదేమన్నా ఎండుద్దా?"

నేను ఎక్కి పట్టా తీశాను. అయినా లైను రాలేదు. తాడు లాగిన చోట డిష్ మూతి ఒక పక్కకు తిరిగి ఉంది. నేనూ కల్వర్టుకు వెళ్లి, దాన్ని బిగించిన ఒంగోలు కుర్రాడికి ఫోన్ చేశాను. అతను నవ్వాడు. "ఆకాశం కనపడకుండా ముసుగేస్తే అది ఎవరితో మాట్లాడుద్ది సార్?" అన్నాడు. నేనూ నవ్వాను. గోడకు అటు పక్క మేస్త్రి భార్య కూర్చుని ఉంది. ఫోన్ ఒళ్లో ఉంది. నేను ఇటు పక్క నుంచే ఇంటికి వచ్చేశాను.

మర్నాడు ఆ కుర్రాడు వచ్చి డిష్ సరిచేశాడు. సాయంత్రం ఆమె వచ్చి లైను బాగైందా అని అడిగింది. పైన బాగుచేశారంట అన్నాను. నా భార్య నా మొహం చూసి లోపలికి వెళ్లిపోయింది. నేను అన్నం తిన్నాను. పడుకుంటే నిద్ర కూడా పట్టింది. ఏడుపు రాలేదు, సిగ్గు అనిపించలేదు, భయం లేదు. ఒళ్లు మొద్దుబారినట్టుంది, అంతే. కోతలు సాగాయి. కాయ ఎండింది. మెట్ల మీద జనం కూర్చున్నారు, లేచారు. ఆమె కోతకు వచ్చేది, పోయేది. ఆమె ఎదురుపడితే తలవంచుకునేది నేనే. అది ఆమె గమనించిందో లేదో తెలియదు.

మేస్త్రి ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చాడు. మెడకు గుడ్డ కట్టుకుని, చిక్కిపోయి ఉన్నాడు. గుడ్డ వెనకనుంచి గాలి పోతూ వస్తూ ఉన్న చప్పుడు వినిపిస్తుంది. నడవగలిగిన మొదటి రోజే అలవాటుగా మా కల్లం దగ్గరికి వచ్చాడు. పడమట మబ్బు పట్టి ఉంది. కేక వెయ్యబోయాడు. నోరు తెరుచుకుంది, ఆగిపోయింది. తర్వాత చప్పట్లు కొట్టి పట్టాల వైపు చెయ్యి చూపించాడు. కూలీలు చూడలేదు. నేనే వెళ్లి కప్పాను.

ఆ సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. అతను మంచం మీద పడుకుని ఉన్నాడు. ఆమె గుమ్మంలో బియ్యం ఏరుతోంది. నిలబడే చెప్పాను.

"ఆ రోజు లైను పైనుంచి పోలేదమ్మా. నేనే డిష్‌కు పట్టా కప్పాను."

ఆమె చేట కింద పెట్టింది.

"కల్లానికి కప్పినట్టా?"

"ఊఁ."

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను.

"తెలవకపోతే తెలవదనాల్సింది అయ్యా. నేను కల్వర్టు కాడికి పోయేదాన్ని" అంది. మళ్లీ చేట తీసుకుంది.

లోపల అతను కళ్లు తెరిచే ఉన్నాడు. విన్నాడు. చెయ్యి కొంచెం ఎత్తి దించాడు. అది ఫరవాలేదనో, వెళ్లమనో నాకు ఇప్పటికీ తెలియదు.

ఇంటికి వచ్చాక నా ఫోన్ తీశాను. నేను గుంటూరు యార్డులో ఉన్నప్పుడు మేస్త్రి మా మెట్ల మీద కూర్చుని నాకు వాయిస్ మెసేజ్ పెట్టేవాడు. చదువు రాదు కాబట్టి ఏదున్నా గొంతుతోనే చెప్పేవాడు. ఎవరెవరు కోతకు వచ్చారు, మందు కొట్టింది ఎంత మేర, మోటారు ఎందుకు ఆగింది. కొన్ని నేను విననే లేదు. మర్నాడు పొద్దున్నే ఆమెను అడిగాను, నీ ఫోన్‌లో ఆయన వాయిస్‌లు ఏమన్నా ఉన్నాయా అని.

"ఇంట్లో ఉండే మనిషి నాకెందుకు పెడతాడయ్యా?" అంది.

మా మెట్ల మీదే కూర్చుని నా ఫోన్ నుంచి ఆమె ఫోన్‌కు ఒక్కొక్కటే పంపాను. ఒకటి దగ్గర వేలు ఆగింది. టిక్కీల మీద పట్టా సరిగా కప్పలేదని నేను తిట్టి పెట్టిన వాయిస్‌కు అతని జవాబు అది. అదొక్కటి వదిలేస్తే ఎవరికీ తెలియదు. కానీ అందులో గొంతు అన్నిటికంటే బాగుంది. దాన్నీ పంపాను.

ఆమె ముందు అదే నొక్కింది. "తిట్టమాకండయ్యా, ఆడకూలీలు వింటన్నారు. కప్పేశాం. మీరు కంగారు పడమాకండి" అని మెట్ల మీద అతని గొంతు పెద్దగా పలికింది. వెనక ఎవరో నవ్వడం కూడా వినిపించింది. ఆమె నా వైపు చూసింది. నేను తల దించలేదు. ఆమె తర్వాతది నొక్కింది, ఆ తర్వాతది నొక్కింది. అన్నీ అయ్యేదాకా నేను ఆమె కింది మెట్టు మీద కూర్చున్నాను.