నడుముతో కుస్తీ పట్టాను

పంతొమ్మిది వందల అరవైల చివరి మాట. యూనివర్సిటీ హాస్టల్ మెస్‌లో గంజి వంచుతుండగా నా నడుములో ఏదో పట్టు తప్పింది. అంత పెద్ద అన్నం గుండిగను నేనొక్కణ్ణే ఎత్తేవాణ్ణని మా వారాసిగూడలో చెప్పుకునేవాణ్ణి. నిజానికి గుండిగకు అవతలి వైపున్న కడియాన్ని నాతో పనిచేసే మల్లయ్య పట్టేవాడు. ఆ రోజు నా వైపు ఒరిగిన గుండిగను అతనే ఎలాగో కిందికి దించాడు.

"ఏందన్నా, పొద్దుగాల్నే కల్లు తాగినవా?" అని నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. నడుము నుంచి కుడి మడమ దాకా మంట పాకింది.

ఆసుపత్రిలో ఎక్స్‌రే తీశారు. "ఎముక బాగానే ఉంది. డిస్క్ నరాన్ని ఒత్తుతున్నట్టుంది. సయాటికా అంటారు. బెడ్ రెస్ట్ తీసుకో, బరువులు ఎత్తకు," అన్నారు డాక్టరు గారు. మా ఇంట్లో బెడ్డే లేదు. పైగా, గుండిగ ఎత్తగలిగినన్నాళ్లే మెస్‌లో నాకు పని.

చాప మీద పక్కకు తిరగాలన్నా నా భార్య యాదమ్మ సాయం పట్టాలి. ఇలా బతికేం లాభమని చాలాసార్లు అనుకున్నాను.

కాస్త లేవగలిగాక, క్యాంపస్‌లో వ్యాయామం నేర్పే మూర్తి మాస్టారి దగ్గరికి మల్లయ్య నన్ను తీసుకెళ్లాడు. ఆయన మెస్ వాళ్లకూ తోట పనివాళ్లకూ పొద్దున్నే ఊరికే యోగా నేర్పేవారు. ఖాళీ బియ్యం గోనెలు పరుచుకుని పడుకునేవాళ్లం.

"లచ్చయ్యా, బోర్లా పడుకుని ఛాతీ కొంచెమే లేపు. ఊపిరి బిగపట్టకు. నొప్పి మొదలైతే ఆపెయ్," అనేవారు.

కొన్నాళ్లకు చెప్పులు నేనే వంగి తొడుక్కోగలిగాను. ఇంకేం, గుండిగ మళ్లీ నాదే అనుకున్నాను. పైగా నేనూ మల్లయ్యా ముషీరాబాద్ తాలీంలో, అంటే కుస్తీ గోదాలో, దండీలు తీసి పెరిగినవాళ్లం. నొప్పికి ఆగితే ఓడిపోయినట్టే మాకు.

"గంతేనా అన్నా? తాలీం ఇజ్జత్ తీస్తున్నవ్!" అన్నాడు ఒకరోజు పక్క గోనె మీది మల్లయ్య, నేను ఛాతీ కొంచెమే లేపడం చూసి.

ఊపిరి బిగబట్టి ఒక్క ఊపున లేచాను. నడుములో కలుక్కుమంది. అలాగే కూలబడ్డాను.

మాస్టారు పరుగెత్తుకొచ్చారు. "ఇది కుస్తీ కాదయ్యా! ఎవర్ని ఓడిద్దామని?"

"నడుముని, సార్."

ఈ మాట నవ్వుతూ అన్నానని అందరికీ చెబుతుంటాను. అబద్ధం. ఏడుస్తూ అన్నాను.

కాలు మొద్దుబారింది. మళ్లీ ఆసుపత్రి. కాళ్లకు బరువులు వేలాడదీసి ట్రాక్షన్ పెట్టారు. ఒకరోజు మల్లయ్య వచ్చి, గోడవైపు చూస్తూ, "నీ జాగల కొత్తోణ్ణి పెట్టిండ్రన్నా," అన్నాడు.

"నువ్వు పండుకో. గిన్నెలు తోమనీకి నాకు చేతులున్నయ్," అని యాదమ్మ అదే మెస్‌లో పనికి కుదిరింది. సాయంత్రం తన నడుము పట్టుకుని గడప దాటి వచ్చేది. నేను కళ్లు మూసుకుని నిద్ర నటించేవాణ్ణి.

డాక్టరు గారు సరేనన్నాక మాస్టారి దగ్గర మొదటి నుంచీ మొదలుపెట్టాను. గుండిగ మాత్రం మళ్లీ ముట్టలేదు. ఏళ్లు గడిచాయి. ఇప్పుడు తార్నాక బస్టాపు దాకా తోడు లేకుండా నడుస్తున్నాను. గుర్రంలా నడుస్తున్నానని రాద్దామనుకున్నాను గానీ, దారిలో రెండుచోట్ల కూర్చుంటాను. నొప్పి పోలేదు. యాదమ్మ పోయింది.

నాలాంటి నడుము ఉన్నవాళ్లకు ఒక్కటే చెబుతాను. ఆసనంలో నొప్పి మొదలైన చోటే ఆగండి, నేర్పేవాళ్లకు పైకి చెప్పండి. కాలు మొద్దుబారితే డాక్టరు దగ్గరికి వెళ్లండి. పక్కవాళ్లు నవ్వితే నవ్వనివ్వండి. మీరు పడిపోతే మీ బదులు పనికి వెళ్లేది వాళ్లు కాదు, మీ ఇంట్లోవాళ్లు.