పాకమొచ్చిందే, రండే!

పప్పుచెక్కకు ఒక్క మనిషి చాలు. బెల్లం పాకంలో వేయించిన శెనక్కాయ పప్పులు కలిపి, పలక మీద పోసి, చెంబు అడుగుతో అణిచి, ఆరేలోపు కత్తితో గీతలు పెడితే అయిపోయింది. పప్పుండలు అలా కాదు. పొయ్యి మీదనుంచి దించిన పాకం ఎవరికోసమూ ఆగదు. చెయ్యి కాలే వేడి మీదే చుట్టాలి. కాస్త చల్లబడిందా, బాణలికి కరుచుకుని రాయైపోతుంది, ఇక సమ్మెట తెచ్చుకోవాల్సిందే. అందుకే మైపాడుకు ఎడంగా, ఇసకదిబ్బల పక్కనున్న ఆ పల్లెలో పప్పుండలు ఎవరింట్లో చేసినా వీధంతా చేసినట్టే లెక్క.

దానికొక పద్ధతి ఉండేది. పాకం ముదిరే వేళకు ఆ ఇంటివాళ్ళు అరుగు మీద నిలబడి "పాకమొచ్చిందే, రండే!" అని కేకవెయ్యాలి. విన్న ఆడవాళ్ళు చేతిలో ఏ పనున్నా వదిలేసి, గుప్పెట్లో ఇంత బియ్యప్పిండి పట్టుకుని పరుగెత్తుకురావాలి. పిండి అద్దుకుంటే పాకం చేతికి అంటుకోదు. చుట్టడం అయ్యేదాకా నోరు మాటలకే తప్ప తిండికి కాదు. అయ్యాక ఎవరి గుప్పెడు వాళ్ళు కొంగున కట్టుకుని పోవచ్చు. పిలవకుండా మాత్రం ఎవరూ గడప తొక్కరు. బెల్లం వాసన పట్టుకుని వస్తే 'నోటికోసం వచ్చింది' అనిపించుకోవాలి. ఆ మాట పడేకంటే ఉపవాసం ఉండటం మేలనుకునే ఆడవాళ్ళు వాళ్ళు.

రెబెక్కమ్మ ఇంట్లో ఆ కేక వేసేది ఆమె భర్త కృపాదానం. మగవాడు పాకం పిలుపు పిలవడమేమిటని మొదట్లో నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వినవాళ్ళే, రానురాను ఆ కేక ఎప్పుడు వినబడుతుందా అని ఎదురుచూసేవాళ్ళు. ఆదివారం ఆరాధనలో పాట ఎత్తుకునే గొంతు ఆయనది. పాకం పిలుపు కూడా రాగం తీసి, చివర్లో ఒక సాగదీత వేసేవాడు.

"చాలయ్యా నీ సంగీతం! ఆడ నువ్వు రాగం దించేలోగా ఈడ పాకం మాడేట్టుంది" అని లోపలినుంచి రెబెక్కమ్మ కసిరేది. కసిరినందుకే ఆయన ఇంకొకసారి పాడేవాడు.

వాళ్ళకు పిల్లల్లేరు. ఇసక నేలలో ఓ చిన్న చేను, చేలో నీళ్ళకు తవ్వుకున్న ఒక దొరువు. ఆ దొరువులోని నీళ్ళు ఇద్దరూ కడవలతో చల్లి వేరుశనగ పండించేవారు. పందొమ్మిదివందల అరవయ్యో సంవత్సరం వానల్లో ఆయనకు జ్వరం తగిలింది. నెల తిరక్కుండానే పోయాడు.

తరవాత కూడా రెబెక్కమ్మ చేను వదల్లేదు. కాయ కోతకొచ్చినప్పుడు కోసింది, ఎండబెట్టింది, కుండకెత్తింది. మొదటి ఏడు పొయ్యి ముట్టించి పాకం పెట్టింది కూడా. అది ముదిరే వేళకు చెవి అరుగు వైపు పోయింది. అరుగు మీద ఎవరూ లేరు. తాను లేచి పిలుద్దామంటే గొంతు దాటి మాట రాలేదు. ఆయన చేసిపెట్టిన పలక తీసి, పాకం దాని మీద పోసి, చెంబుతో అణిచేసింది. ఆ పలక విరిగిన పడవ చెక్కను చిత్రిక పట్టి ఆయన తయారుచేసినది, అద్దంలా ఉండేది. ఆ వేళ బెల్లం వాసన వీధి చివరిదాకా పోయే ఉంటుంది. ఒక్క మనిషీ రాలేదు. రెండో ఏడూ అంతే. మరిచిపోయారనుకుంది రెబెక్కమ్మ. ఆయన ఉన్నన్నాళ్ళే తనకు మనుషులు అనుకుంది. అప్పటినుంచి ఆ ఇంట్లో పప్పుచెక్కే, పప్పుండ లేదు.

మూడో ఏడు ఈస్టరుకు తమ్ముడు హెబ్రోను వచ్చాడు. నాయుడుపేట బజారులో ఒక బియ్యం అంగట్లో గుమాస్తా. తల్లి పోతే చిన్నప్పుడు అతణ్ణి చంకనేసుకుని పెంచింది రెబెక్కమ్మే. మంచివాడు. తెల్ల పంచె నలగనివ్వడు, అక్క మాట జవదాటడు. ఆ ఇంట్లో రెండురోజులుండి, గోడమీద బల్లి కదిలినా వినబడే ఆ నిశ్శబ్దం చూసి ఉండలేకపోయాడు.

"నాతో వచ్చేయక్కా. పిల్లలుండారు, నీకు పొద్దుపోతాది. ఈడ నీకెవరుండారు చెప్పు?"

రెబెక్కమ్మ చూరులో దోపిన పార వైపు చూసింది. చేను గుర్తొచ్చింది. ఆయన నీళ్ళు చల్లిన సాళ్ళు గుర్తొచ్చాయి. అవేవీ 'ఎవరుండారు' అన్నదానికి జవాబు కావు. మనుషుల పేరు ఒక్కటైనా చెప్పాలి.

"సరేలేరా. వస్తాలే" అంది.

"అయితే పై శనివారం బండి మాట్లాడుకొస్తా. సర్దుకోనుండు" అని అతడు వెళ్ళాడు.

వారం రోజులూ ఆమె ఒక్కొక్కటే పంచిపెట్టింది. కోడిపెట్టను పక్కింటి ఎలిశబెతమ్మకిచ్చింది. చేటలు, జల్లెడ, ఉట్టి ఎవరికి కావలసినవి వాళ్ళకిచ్చింది. ఎలిశబెతమ్మకు నోరు పెద్దది, చెయ్యి అంతకంటే పెద్దది. కోడిని అందుకుని ఏదో అనబోయి, ఏమీ అనకుండా పోయింది. రెబెక్కమ్మకు అది మనసుకు తగిలింది. ఉండమని ఒక్క మాటన్నా అనలేదే అనుకుంది. ఎలిశబెతమ్మ ఇంటికి కొత్తగా కాపురానికొచ్చిన కోడలు నవోమి. ఆ పిల్లను పిలిచి పడవ పలకను చేతిలో పెట్టింది.

"కొత్త కాపురం, దేనికైనా పనికొస్తాది. తీసుకో తల్లీ."

"ఇంత నున్నటి పలకా! నాకాత్తా?" అని ఆ పిల్ల పలకను ఎత్తుకుని గంతులేస్తూ పోయింది.

శనివారం పొద్దున లేచేసరికి ఇంట్లో మిగిలినవి ఒక రేకుపెట్టె, పొయ్యి దగ్గర బాణలీ నాలుగు గిన్నెలూ, కుండెడు శెనక్కాయ పప్పులు, తాటాకు బుట్టలో బెల్లం దిమ్మలు. పప్పులూ బెల్లం మోసుకుపోవడం దేనికి? పప్పుచెక్క చేసి ఇంటికో ముక్క ఇచ్చి పోదాం, ఒట్టిచేతులతో ఊరు దాటానన్న మాట ఎందుకు అనుకుంది. పొయ్యి రాజేసింది.

పని మొదలుపెట్టాక చేతులకు ఉత్సాహం దానంతటదే వచ్చింది. వేపుడికని దాచుకున్న ఏటి ఇసకను బాణలిలో వేడిచేసి, అందులో పప్పులు పోసి గరిటెతో తిప్పింది. సముద్రపు ఇసక పనికిరాదు, ఉప్పెక్కుతుంది. పైపొట్టు చిట్లి చిటపటమన్నాక చిల్లుల గరిటెతో ఇసక రాల్చి, గోనెపట్టా మీద పోసి అరచేతులతో నలిపి, పళ్ళెంలో ఎగరేసి పొట్టు ఊదింది. పప్పులు బంగారు పూసల్లా తేలాయి. సగం చేద్దామనుకున్నది కాస్తా, 'మిగిల్చి ఎవరికి?' అనుకుని మొత్తం చేసేసింది. బెల్లం కరిగించి, గుడ్డలో వడగట్టి, మళ్ళీ పొయ్యిమీదికెక్కించింది. ఏలక్కాయలు, చిటికెడు శొంఠి దంచి వేసింది. నురగ పొంగి, బుడగలు చిన్నవై, పాకం రంగు తిరిగింది. చెంబు నీళ్ళలో ఒక చుక్క వేసి, గట్టిపడినదాన్ని తీసి పళ్ళెంలోకి విసిరింది.

ఠంగుమంది.

వెంటనే పప్పులు కుమ్మరించి, నాలుగు తిప్పులు తిప్పి, గుడ్డలతో బాణలి దించి, తలుపు మూలనుండే పలకకోసం చెయ్యి చాపింది.

మూలన గోడ తగిలింది.

"ఓరి దేవుడా!" అని రెబెక్కమ్మ వీధిలోకి ఉరికింది. పక్కింటి ముందు నవోమి ఎండలో గొంతుక్కూర్చుని ఉంది.

"నవోమీ! పలక! బిన్నా తేవే, పాకం ఆరిపోతాది!"

"ఎట్టత్తా? నెత్తళ్ళు ఆరబోసినానే!"

నిజమే. అద్దంలాంటి ఆ పలక నిండా వెండిరేకుల్లా చిన్న చిన్న నెత్తళ్ళ చేపలు, వాటి చుట్టూ ఉప్పు, పైన రెండు కాకుల కళ్ళు. రెబెక్కమ్మ దానికేసి ఒక క్షణం చూసింది. లోపల బాణలి చల్లబడుతోంది. ఇంట్లో చేట లేదు, చాపలేదు, అన్నీ పంచిపెట్టేసింది. కుండెడు పప్పులు, బుట్టెడు బెల్లం, రెండే చేతులు.

అరుగెక్కింది. నోరు తెరిచింది. మొదట గాలి తప్ప ఏమీ రాలేదు. రెండోసారి వచ్చింది, కీచుగా, వంకరగా.

"పాకమొచ్చిందే... రండే!"

ఎవరింట్లోనో చెంబు దొర్లింది. ఎవరిదో తలుపు ధడేలుమంది. పిండి గుప్పెట మూసుకుని, సగం దువ్విన తలతో ఎలిశబెతమ్మ అందరికంటే ముందు వచ్చింది. ఆమె వెనక ఒకతె తడిబట్టలతో, ఒకతె చంకలో పిల్లతో, ఒకతె పొయ్యి మీద చారు వదిలేసి. "జరగండే! ముసిలిదాన్ని తొక్కేట్టుండారు!" అంటూ ఊతకర్రతో ప్రేమలీలవ్వ.

సరిగ్గా అప్పుడే హెబ్రోను బండి వీధి మొగలో తిరిగింది. ఊరి ఆడవాళ్ళంతా జుట్లు విరబోసుకుని తన అక్క ఇంటికేసి పరుగెత్తడం చూశాడు. అక్కకేదో అయిందనుకున్నాడు.

"అయ్యో అక్కా!" అని బండి మీదనుంచి దూకి, తెల్ల పంచె ఇసకలో ఈడ్చుకుంటూ, ఏడుపుమొహంతో లోపలికి వచ్చిపడ్డాడు.

లోపల బాణలి చుట్టూ ఆడవాళ్ళు. మధ్యలో నుదుటికి పిండి అంటుకుని రెబెక్కమ్మ.

"ఏందబ్బయ్యా, దిష్టిబొమ్మ మాదిరి నిలబడి చూస్తుండావు?" అని ఎలిశబెతమ్మ అతడి అరచేతిలో పిండి కొట్టింది. "చుట్టు!"

"నేనా? నేను..."

"చేతులుండాయి గదా? చుట్టు!"

హెబ్రోను కూలబడి ఓ ముద్ద తీశాడు. "హబ్బా!" అని ఎగిరి, ఆ చేతినుంచి ఈ చేతికి వేసుకుంటూ ఊదుకున్నాడు. వీధి వీధంతా పగలబడి నవ్వింది. అతడు చుట్టినదాన్ని ప్రేమలీలవ్వ కళ్ళదగ్గరికి తీసుకుని చూసింది.

"ఇది ఉండా, వంకాయా? నాయుడుపేటలో ఉండలు ఇట్నే ఉంటాయా నాయనా?"

"గుమాస్తా చేతులు గదవ్వా, బియ్యం మూటలకే అలవాటు" అన్నాడతను కాలిన వేలు నోట్లో పెట్టుకుని.

"ఏయ్! వేలు తీయి! చుట్టేటప్పుడు తినకూడదు!" అని నలుగురూ ఒక్కసారే అరిచారు.

కొత్తకోడలు నవోమి గుమ్మంలో నిలబడి బిక్కమొహంతో చూస్తోంది. "అత్తా, నావల్లే గదా ఇదంతా... చేపలు ఎత్తేసి పలక కడుక్కొచ్చేదాన్నే" అంది.

"కడిగినా పోతాదా ఆ కంపు! దేవుడే నీచేత ఆరబోయించినాడు, వచ్చి చుట్టు" అంది వాళ్ళత్త ఎలిశబెతమ్మ. అని, రెబెక్కమ్మ వైపు తిరిగింది. అప్పటిదాకా దాచుకున్నదంతా ఆమె నోటివెంట వచ్చేసింది. "రెండేళ్ళు! రెండేళ్ళు నీ బెల్లం వాసన పీలుస్తా, పిండి గుప్పెట్లో పెట్టుకుని గుమ్మంలో కూర్చున్నానే. ఒక్క కేకేస్తే నీ సొమ్మేం పోయింది?"

రెబెక్కమ్మ చేతులు ఆగాయి. "మీరే రాలేదనుకున్నానక్కా."

"పిలవందే ఎట్టొస్తాం? ఆయన పోయినాడు, నీకు ఎవరూ రావడం ఇష్టంలేదేమో అనుకున్నాం. మొన్న కోడినిచ్చినప్పుడు పోవద్దని నోటిదాకా వచ్చింది. తమ్ముడింట సుఖపడతాదిలే, అడ్డుపడేదానికి నేనెవరని మింగేసినా."

అరచేతుల్లో ఉండలు తిరుగుతూనే ఉన్నాయి. ప్రేమలీలవ్వ తాను చుట్టిన ఉండను పళ్ళెంలో వేసింది.

"ఏమైనా అను రెబెక్కా, మీ ఆయన రాగం నీకు రాలేదు. కాకిపిల్ల అరిచినట్టుండాది."

అందరికంటే ముందు నవ్వింది రెబెక్కమ్మే. నవ్వుతూనే, అరచేతులకు పిండి ఉందని, భుజంతో కళ్ళు తుడుచుకుంది.

బాణలి అడుగు కనబడేసరికి పళ్ళేలు, గిన్నెలు, ఎవరో పరిచిన అరిటాకు, అన్నిటి నిండా ఉండలే. ఎవరి గుప్పెడు వాళ్ళు కొంగుల్లో కట్టుకున్నారు. వాకిట్లో బండివాడు వెంకయ్య గొంతు సవరించుకున్నాడు. "పెట్టె ఎత్తమంటారా, ఎద్దును ఇప్పమంటారా? ఏదో ఒకటి చెప్తే, నా గుప్పెడు నేను తింటా కూర్చుంటా."

హెబ్రోను అక్కవైపు చూశాడు. ఈస్టరునాడు అడిగిన మాట మళ్ళీ అడగలేదు.

"నేను రానులేరా" అంది రెబెక్కమ్మ.

"నేనూ అదే అనుకుంటుండా. పెట్టె సర్దుకున్న శ్రమే దండగైంది నీకు."

"ఏముందిలే అందులో, నాలుగు చీరలు. మడతలిప్పుకుంటే సరి."

అతడి కాలిన వేలికి కొబ్బరినూనె రాసి, పిల్లలకని తువ్వాలు నిండా ఉండలు కట్టి, పైన పక్కింటివాళ్ళు నిప్పుల్లో కాల్చిచ్చిన ముంతమామిడి జీడిపప్పులు గుప్పెడు పోసింది. తాను చుట్టిన వంకాయను ఏరి పైనే పెట్టమన్నాడు, పిల్లలకు చూపించాలట.

ఆ తరవాత ఏటా కాయ కోతకు హెబ్రోను పిల్లల్ని వెంటబెట్టుకుని 'పాకానికి' వచ్చేవాడు. పదేళ్ళు గడిచేసరికి అతడి ఉండలు కాస్త గుండ్రంగా కూడా వచ్చాయి. రెబెక్కమ్మ పిలుపు మాత్రం ఎప్పటికీ రాగంలో పడలేదు. పిలిచేటప్పుడు ఆమె అరుగు మీద ఓ వారగా నిలబడేది. నడుమ చోటు ఆయనది. దాన్ని అలాగే ఉంచేది.

పంచిపెట్టినవన్నీ ఆ సాయంత్రానికే ఒక్కొక్కటిగా తిరిగొచ్చాయి. చేటలు, జల్లెడ, ఉట్టి వచ్చాయి. కోడిపెట్ట వస్తూ వస్తూ ఎలిశబెతమ్మ ఇంటి గింజలు నాలుగు కొసరు తిని మరీ వచ్చింది. పడవ పలకొక్కటే రాలేదు. నవోమి దాన్ని బూడిదతో తోమింది, సున్నంతో కడిగింది, మూడెండలు ఎండబెట్టింది. అయినా వాసన పోలేదు. ఇక లాభంలేదని మళ్ళీ నెత్తళ్ళే పోసుకుంది. పప్పుచెక్క ఎందుకు చెయ్యవని ఎవరైనా అడిగితే రెబెక్కమ్మ నవ్వి, "పలక చేపలపాలైంది" అనేది.