ముక్కు తిరిగొచ్చిన సెలీనియం మావయ్య

మావయ్యకు వాసన తెలియదు. ఎప్పుడో పట్టిన జలుబు పోతూ పోతూ ముక్కు పనితనాన్ని కూడా మూట గట్టుకుపోయింది. ఆయన పనిచేసే మందుల ల్యాబులో అదే ఆయనకు అదృష్టమైంది. అక్కడ ఫినైల్ సెలీనైల్ క్లోరైడ్ అని, సెలీనియం కలిసిన ఎర్రటి పలుకుల రసాయనం ఒకటుంది. అది ముందు అణువుకు అతుక్కుంటుంది. పెరాక్సైడ్ పోస్తే ఊడిపోతూ, కావలసిన చోట జంట బంధం వదిలి వెళుతుంది. పని బంగారం, కంపు నరకం. సీసా మూత తీస్తే గోడ మీది బల్లి కూడా తలుపు వెతుక్కునేది. అందరూ పారిపోయే ఆ హుడ్డు, అదే కంపునూ పొగనూ బయటికి లాగేసే గాజు తలుపుల గూడు, మావయ్య సొంత రాజ్యమైంది. పెద్దసారుతో సహా అందరికీ ఆయన సెలీనియం మావయ్యే.

ఒక ఉదయం పళ్లు తోముకుంటుంటే పేస్టు వాసన తెలిసింది. తర్వాత టీ వాసన. ఆ సంబరం ల్యాబు గుమ్మం దాకానే. సీసా మూత తిప్పగానే కంపు తగిలి మళ్లీ బిగించేశాడు. చెబితే రాజ్యం పోతుంది, చెప్పకపోతే ప్రాణం పోయేలా ఉంది. మంచినీళ్ల నెపంతో రోజంతా వరండాలోకీ లోపలికీ కాలుగాలిన పిల్లిలా తిరిగాడు.

సాయంత్రం ఇంట్లో అడుగు పెట్టగానే భార్య ఎప్పటిలాగే కిటికీలు బార్లా తెరిచింది.

"నీకు గాలంటే ఎంత ఇష్టమో," అన్నాడు అలవాటుగా. అంతలో తన చొక్కా వాసన తనకే తగిలింది.

"గాలి మీద కాదండీ, మీ మీద ఇష్టం. లేకపోతే మిమ్మల్నే బయట నిలబెట్టేదాన్ని."

"ఇన్నేళ్లూ చెప్పలేదేం?"

"చెబితే ముక్కొస్తుందా ఏమిటి?"

ఆయన ఆ చొక్కా విప్పి బయట తీగ మీద పడేశాడు. మర్నాడు నేరుగా పెద్దసారు దగ్గరికి వెళ్లాడు.

"సార్, నాకు ముక్కొచ్చింది. ఆ పని ఇక నావల్ల కాదు."

"సరిగ్గా ఆ రసాయనం పెద్ద ఫ్లాస్కులో పెట్టాల్సిన రోజే వచ్చిందా? సాకులు చెప్పకు మావయ్యా."

"పరీక్ష పెట్టుకోండి. తూకాలమ్మ సొరుగులో నారింజ తొక్కలున్నాయి."

తూకం బల్ల దగ్గరావిడ నవ్వుతూ తొక్కలు తీసి చూపించింది. మావయ్య పెద్దసారు వైపు ఒక అడుగు వేసి ముక్కు ఎగబీల్చాడు.

"ఇక మీ దగ్గర, సార్..."

సిగరెట్టు మానేశానని పెద్దసారు ఈమధ్యే అందరి ముందూ ఒట్టు వేసి ఉన్నారు.

"సరే సరే, నమ్మాను. ఇకనుంచి వంతులేసుకుందాం," అన్నారు గబగబా.

"మొదటి వంతు ఎవరిది సార్?" అంది తూకాలమ్మ.

పెద్దసారే చేతితొడుగులు వేసుకున్నారు. మావయ్యను తూకం బల్ల దగ్గర కూర్చోబెట్టారు గానీ, ఆయన అక్కడ కుదురుగా కూర్చుంటేనా? "అంత వేగంగా పోయకండి సార్, నెమ్మదిగా," అంటూ ముక్కు మూసుకుని మాటిమాటికీ ఆ హుడ్డు దగ్గరికే లేచి వెళ్లాడు.